ట్యాబ్ సరిపోతుందా, సిస్టమ్ కావాలా? సర్వీసు బల్ల దగ్గర వినే అపోహలు, అసలు వాస్తవాలు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని, ఒక్కొక్కటీ బిగించి సిస్టమ్ తయారుచేసి ఇచ్చే రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను. ఇప్పుడు వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒక్కటే: “ట్యాబ్ తీసుకుంటే సరిపోదా అండీ?” నేను తిరిగి అడుగుతాను: “దాంట్లో చూస్తారా, పని చేస్తారా?” ఆ జవాబు వినకుండా ఏదీ కొనమని చెప్పను.

అపోహ: ట్యాబ్‌లో ప్రాసెసర్‌కు బలం ఉండదు.

వాస్తవం: 2011లో ఈ మాట నిజమే. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్‌లో ఉన్నది 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. పదేళ్లు తిరిగేసరికి, 2021లో, ల్యాప్‌టాప్‌లకు వాడే ఎం1 చిప్పునే ఐప్యాడ్ ప్రోలో పెట్టారు. ఇప్పుడు అసలు తేడా వేడి దగ్గర వస్తోంది. ట్యాబ్‌లో ఫ్యాన్ ఉండదు. రెండు నిమిషాల పనిని చురుగ్గా చేస్తుంది. గంటసేపు పెళ్లి వీడియో ఎడిట్ చేస్తే మాత్రం వేడెక్కి, తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్ మీద ఫ్యాన్, వేడిని లాగేసే హీట్‌సింక్ ఉంటాయి కాబట్టి 65 వాట్లు తీసుకుంటూ రోజంతా ఒకే వేగంతో నడుస్తుంది.

అపోహ: అన్ని సాఫ్ట్‌వేర్లూ ఇప్పుడు యాప్‌లుగా దొరుకుతున్నాయి.

వాస్తవం: జనం ఎక్కువగా నష్టపోతున్నది ఈ నమ్మకం వల్లే. పెళ్లిళ్ల సీజను ముందు ఒక డీటీపీ సెంటరు ఆయన కీబోర్డు ఉన్న ట్యాబ్ కొనుక్కొని నా దగ్గరికి వచ్చారు. పాత శుభలేఖ మ్యాటరు తెరిచి చూపించారు. “చి.ల.సౌ.” ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, వాటి నెత్తిన ఏవేవో గుర్తులు. ట్యాబ్‌లో లోపమేమీ లేదు. ఆ మ్యాటరు డీటీపీ వాళ్లు వాడే ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొట్టింది. అవి యూనికోడ్ (ఏ పరికరంలోనైనా తెలుగును తెలుగుగానే చూపించే పద్ధతి) కావు. ఆ ఫాంటు లేనిచోట తెలుగు కనిపించదు. పేజీలు కూర్చడానికి ఆయన రోజూ వాడే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాత మరో వెర్షను రాలేదు, ట్యాబ్‌కు అసలే లేదు. పదిహేనేళ్ల శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. ఆయనకు డెస్క్‌టాప్ తప్ప గతి లేదు.

ట్యాలీ అనే సాఫ్ట్‌వేర్‌తో వ్యాపార లెక్కలు రాసేవాళ్ల సంగతీ అంతే. దానికి విండోస్ కావాలి. టెండర్లు వేసే కాంట్రాక్టర్లు డిజిటల్ సంతకం టోకెన్‌ను యూఎస్‌బీలో పెట్టాలి, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు (డ్రైవరు) ఎక్కాలి. ఆఖరి తేదీ నాటి సాయంత్రం ఈ విషయం తెలుసుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: తెలుగు రాయాలంటే డెస్క్‌టాపే ఉండాలి.

వాస్తవం: యూనికోడ్‌లో రాసేవాళ్లకు ట్యాబే సుఖం. 2017 నుంచి గూగుల్ వాయిస్ టైపింగ్ తెలుగును అందుకుంటోంది. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు పేరాలు పేరాలు చెప్పి రాయిస్తారు. ఒత్తులు, కామాలు దిద్దుకోవడానికి మాత్రం ఒక బ్లూటూత్ కీబోర్డు పెట్టుకున్నారు.

అపోహ: కరెంటు పోయినా డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉంటే చాలు.

వాస్తవం: యూపీఎస్ ఇచ్చేది పని సేవ్ చేసుకునేంత సమయం. కోతలున్న ఊళ్లో పాఠాలు వినే పిల్లలకు ట్యాబే కొనండి.

అపోహ: చవక తేలిక ల్యాప్‌టాప్ అయితే రెండు విధాలా లాభం.

వాస్తవం: కొనేముందు ఒకసారి దాని లోపల ఏముందో తెలుసుకోండి. మొన్న ఒక అమ్మాయి “చాలా నిదానంగా ఉంది, ర్యామ్ వేయండి” అంటూ ఒకటి తెచ్చింది. వెనక మూత విప్పాను. అరచేయంత బోర్డు, మిగతా స్థలమంతా బ్యాటరీయే. ర్యామ్ చిప్పులు బోర్డుకే టంకం పెట్టి ఉన్నాయి. హార్డ్ డిస్క్ స్థానంలో ఫైళ్లు దాచే గోరంత ఈఎంఎంసీ చిప్పు, అదీ టంకంతోనే. అదనంగా పెట్టడానికి ఒక్క స్లాటూ లేదు. ఏమీ చేయలేనని చెప్పి మూత బిగించి ఇచ్చాను. ఆ చిప్పు పాడైతే బోర్డే మార్చాలి, అందులోని ఫైళ్లు తిరిగి రావడం చాలా కష్టం.

అదే వారం 2013 నాటి డెస్క్‌టాప్ ఒకటి వచ్చింది. పాత హార్డ్ డిస్క్ తీసి, దానికన్నా చాలా వేగంగా నడిచే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టాను, మరో 4 జీబీ ర్యామ్ వేశాను. లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ నుంచి దుమ్ము ఊదాను. ఎరువుల దుకాణం లెక్కలన్నీ ఇప్పుడు దాని మీదే నడుస్తున్నాయి.

అపోహ: విండోస్ 10 ఆగిపోయింది కాబట్టి పాత సిస్టమ్ ఇక తుక్కే.

వాస్తవం: 2025 అక్టోబరు 14తో దాని ఉచిత మద్దతు ముగిసిన మాట నిజం. కానీ బ్రౌజర్‌లోనే పని అయిపోయేవాళ్ల పాత సిస్టమ్‌లో విండోస్‌కు బదులు లైనక్స్ గానీ, 2022లో వచ్చిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ గానీ వేసుకోవచ్చు. రెండూ ఉచితమే. కొత్త తేలిక కంప్యూటర్‌తో అయ్యే పనులు చాలావరకు అందులోనే అవుతాయి. తెచ్చేముందు ఫొటోలు, ఫైళ్లు వేరే డ్రైవులోకి కాపీ చేసుకుని రండి. కొత్తది ఎక్కించేటప్పుడు డిస్కు మొత్తం చెరిగిపోతుంది.