బడి గంట మోగని ఇల్లు

ప్రియమైన పిల్లలకు,

విశాఖపట్నం నుంచి తాతయ్య ఆశీస్సులు.

మా మనవరాలు, మనవడు బడికి వెళ్లరని, ఇంట్లోనే చదువుకుంటారని తెలియగానే మీ ఈడు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "అయితే వాళ్లకి రోజూ సెలవేనా?" అని. పెద్దవాళ్లయితే గొంతు తగ్గించి, "మరి టెన్త్ సంగతేంటండీ?" అంటారు. రెండింటికీ జవాబు రాస్తాను. మీ ప్రశ్నకే ఎక్కువ చోటిస్తాను, ఎందుకంటే పెద్దవాళ్ల ప్రశ్నకి జవాబు సులువు.

సెలవు కాదు. అలాగని హాల్లో బెంచీలు వేసి అమ్మ టీచరు వేషం కట్టడమూ కాదు. పొద్దున్న టిఫిన్ అయ్యాక లెక్కలు, ఆ తర్వాత తెలుగో ఇంగ్లీషో చదవడం, ఒక పేజీ రాయడం. ఇవి మాత్రం తప్పవు. ఏడ్చినా తప్పవు. హిందీ మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే ఆవిడ చెబుతుంది. ఇక మిగిలిన పొద్దంతా ఏ ప్రశ్న దొరికితే దాని వెంట పోవడమే.

ఆ పోవడం ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. ఆర్కే బీచ్‌లో మా మనవడికి ఒక అనుమానం వచ్చింది. నిన్న ఇదే వేళకి మెట్ల దగ్గరిదాకా వచ్చిన నీళ్లు ఇవాళ ఇంకా దూరంగానే ఉన్నాయేం? నేను పోర్టులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆటుపోట్ల పట్టిక చూడటం నాకు కొత్త కాదు. జవాబు నోటి చివర ఉంది, కానీ చెప్పలేదు. "రోజూ వచ్చి చూడు, టైమ్ రాసుకో" అన్నాను. కొన్నాళ్లకి వాడి నోటుబుక్కే చెప్పింది, పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తోందని. కారణం కోసం నారింజపండూ నిమ్మకాయా పట్టుకుని వాళ్ల అక్కతో కుస్తీ పట్టాడు. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు తన దారిలో కొంచెం ముందుకి జరిగిపోతాడు. మన ఊరు మళ్లీ చంద్రుడి ఎదురుగా రావాలంటే భూమి ఇంకాస్త తిరగాలి. ఆ కాస్తకే 50 నిమిషాలు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. "చంద్రుడు ఒకపక్కే ఉంటే రోజుకి రెండు పోట్లు ఎందుకొస్తున్నాయి?" అన్నాడు. బడిలో అయితే ఆ వేళకి గంట కొట్టేస్తారు, సోషల్ టీచర్ వచ్చేస్తారు. ఇక్కడ గంట లేదు కాబట్టి ఆ ప్రశ్న చాలా రోజులు మా ఇంట్లోనే కాపురం పెట్టింది. చంద్రుడు తనకి దగ్గరగా ఉన్న నీటిని, భూమిని లాగేదానికంటే గట్టిగా లాగుతాడు. అవతలి పక్క నీటికంటే భూమిని గట్టిగా లాగుతాడు. అందుకని అవతలి నీళ్లు వెనకబడి అక్కడా ఉబ్బుగా నిలుస్తాయి. ఇది వాడికి ఎక్కేసరికి వాళ్లమ్మకి విసుగొచ్చింది. నాకు మాత్రం ముచ్చటేసింది.

ఇందులో కష్టమైన సంగతి ఒకటుంది. అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది? మీకు యూనిట్ టెస్టులున్నాయి, పక్క బెంచీ వాడు "అదేంట్రా, తప్పు" అంటాడు. ఇంట్లో "ఆఁ, తెలిసింది" అనేసి తప్పించుకోవడం చాలా సులువు. అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి. నేర్చుకున్నది నాకు చెప్పి ఒప్పించాలి. నేను "ఎందుకు?" అంటూనే ఉంటాను. ఎక్కడ మాట తడబడితే అక్కడినుంచి మళ్లీ చదవాలి. మనవరాలికి నేనంటే ఈ విషయంలో కోపం. "తాతయ్యకి చెప్పడం కంటే పరీక్ష రాయడం నయం" అంటుంది. నిజమే, పరీక్ష ఎదురు ప్రశ్న వేయదు.

మనవరాలికి చేపల రేవు ఇష్టం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. రేవు నిండా బోట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఈ రెండు నెలలూ కళాసీల ఇళ్లు ఎలా గడుస్తాయి, ప్రభుత్వమిచ్చే భృతి సరిపోతుందా, వలలు ఎవరు బాగుచేస్తారు అని అడిగి రాసుకొచ్చింది. సోషల్ పుస్తకంలో ఈ పాఠం లేదు. ఇక రైతుబజారులో ధరల బోర్డు చూసి కూరల లెక్క కట్టడం ఇద్దరికీ వంతులవారీ పని. తప్పు కడితే తేడా వాళ్ల డబ్బుల్లోంచే.

స్నేహితులా? సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద క్రికెట్‌లో ఎవరు ఏ బడో ఎవరూ అడగరు. కానీ అబద్ధం చెప్పను, పొద్దున్న తొమ్మిదింటికి బస్సులన్నీ వెళ్లిపోయాక వీధి బోసిపోతుంది. ఆ వేళ మనవడు బాల్కనీలో నిలబడి చూస్తుంటాడు. స్కూల్ యానివర్సరీలు, బ్యాగులో దాచుకున్న చింతకాయ పంచుకోవడాలు వీళ్లకి లేవు. ఇంకో మాట, ఇది అందరిళ్లలో కుదిరేది కాదు. మా అమ్మాయి ఉద్యోగం మానేసింది. అల్లుడు షిఫ్టు నుంచి వచ్చి నిద్రకళ్లతో భిన్నాలు చెబుతాడు. అమ్మానాన్నా ఇద్దరూ పనికి వెళ్లే ఇంట్లో పిల్లలకి బడే మేలు. ఇంటి చదువే గొప్పదని చెప్పేవాళ్లు ఈ లెక్క ఎందుకు చెప్పరో నాకు తెలీదు.

ఇప్పుడు టెన్త్ సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి బడి చదువు హక్కు అంది గానీ, ఇంట్లో చదివేవాళ్ల గురించి విడిగా ఏమీ చెప్పలేదు. పరీక్షకి మాత్రం దారి ఉంది. జాతీయ సార్వత్రిక విద్యాలయం, అదే ఎన్‌ఐఓఎస్, 1989లో మొదలైంది. 14 ఏళ్లు నిండితే అందులో టెన్త్‌కి చేరొచ్చు. కనీసం ఐదు సబ్జెక్టులు, తెలుగు మీడియం కూడా ఉంది. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, పూర్తి చేయడానికి ఐదేళ్ల గడువు. ఈసారి లెక్కలు, వచ్చేసారి సైన్సు అని విడదీసి రాసుకోవచ్చు. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ కూడా ఉంది. మనవరాలు వచ్చే ఏడు ఫారం నింపుతుంది. ఏ సబ్జెక్టులు తీసుకోవాలని ఇంట్లో ఇప్పటికే రోజూ పంచాయితీ.

మనవడేమో మొన్న, "నేను బడికి వెళ్తానంటే చేర్చుకుంటారా?" అని అడిగాడు. చేర్చుకుంటారు. ఇంతకుముందు బడి చదవకపోయినా, వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టం చెబుతోంది. వాళ్లమ్మ ముఖం కాస్త వాడిపోయింది గానీ వద్దనలేదు. జూన్‌లో బడులు తెరిచేలోగా మా దగ్గర్లో ఉన్న రెండు బడులు వాడితో కలిసి చూసొస్తాను. హెడ్‌మాస్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు వాడే కాగితం మీద రాసుకుంటున్నాడు. మొదటిది, "క్లాసులో ప్రశ్నలు ఎన్నైనా అడగొచ్చా?"

మీ బడిలో ఎలాగో నాకు రాయండి, వాడికి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య