బ్రిటన్ పండుగల మీద, మతచరిత్ర మీద ఇంగ్లిష్ అభ్యాసాలు: అపోహలు – వాస్తవాలు

పై చదువులకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లదలచిన వారికి ఇంగ్లిష్ చెప్పడం, వారి కోసం అభ్యాసపత్రాలు తయారుచేయడం నా వృత్తి. ఆ దేశపు పండుగల మీద, అక్కడి చర్చి చరిత్ర మీద వచ్చే పాఠ్యభాగాలు చిన్నవిగా, చూడటానికి తేలికగా ఉంటాయి కనుక విద్యార్థులు వాటిని మార్కులు సులువుగా వచ్చే ప్రశ్నలుగా భావిస్తారు. నా అనుభవంలో బాగా చదివేవారు కూడా ఎక్కువగా తడబడేది ఇక్కడే. కొన్ని తప్పులు విద్యార్థులవి, కొన్ని మాబోటి ఉపాధ్యాయులవి, కొన్ని ఏళ్ల తరబడి ఒక పత్రం నుంచి మరో పత్రంలోకి ఎక్కించుకుంటూ వచ్చినవి.

అపోహ: ఈ పాఠాల్లో ఉండేవి తెలిసిన మాటలే, వ్యాకరణం వస్తే చాలు.

వాస్తవం: వ్యాకరణం బాగా వచ్చినవారే తప్పు రాసే ప్రశ్న ఒకటి నా దగ్గర ఉంది. 'షి గేవ్ అప్ చాక్లెట్ ఫర్ డ్యాష్' అనే వాక్యానికి లెంట్, రెంట్, లోన్, లైఫ్ అని నాలుగు ఎంపికలు ఇస్తాను. తరగతిలో చురుకైన వారు ముందుగా లెంట్‌ను కొట్టివేస్తారు. అది 'లెండ్' క్రియకు భూతకాల రూపమనీ, 'ఫర్' తరవాత నామవాచకం రావాలనీ వారి వాదన, ఆ సూత్రంలో తప్పేమీ లేదు కూడా. ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాసం ఉండే శ్రమల దినాలను ఇంట్లో ఏటా పాటించే ఒక అమ్మాయి సైతం 'లైఫ్' అని రాసింది. 'అమ్మా, ఇవి మీ శ్రమల దినాలే' అన్నప్పుడు ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

ఈ లెంట్‌కు అప్పు ఇవ్వడంతో ఏ సంబంధమూ లేదు. ఇది వసంతకాలాన్ని సూచించే పాత ఇంగ్లిష్ మాట నుంచి వచ్చింది, పగటిపొద్దు పొడుగవడం అనే భావం దాని మూలంలో ఉంది. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందటి శనివారం దాకా 46 రోజులు, వాటిలో ఆరు ఆదివారాలు తీసివేస్తే 40 రోజుల ఉపవాసకాలం. దానికి ముందు రోజును ష్రోవ్ ట్యూస్డే అంటారు. పాపాలు ఒప్పుకొని క్షమాపణ పొందడాన్ని తెలిపే 'ష్రైవ్' అనే పాత క్రియ నుంచి ఆ పేరు వచ్చింది. ఉపవాసంలో వాడకూడని గుడ్లు, పాలు, కొవ్వు ఆ రోజే అట్లుగా పోసి ఖర్చు చేసేవారు కాబట్టి జనం దాన్ని పాన్‌కేక్ డే అని పిలుస్తారు. అట్లతద్ది తెలిసిన మనకు అట్ల పేరుతో పండుగ ఉండటం వింత కాదు గానీ, ఉపవాసానికి ముందు ఇల్లు ఖాళీ చేసుకోవడమన్న సంగతి తెలియకపోతే పాఠంలో 'యూజ్ అప్' (మిగలకుండా వాడేయడం) అనే క్రియ ఎందుకు వచ్చిందో అర్థం కాదు.

గుడ్ ఫ్రైడేలోని 'గుడ్' విషయమూ ఇంతే. 'పవిత్రమైన' అనే అర్థం ఆ మాటకు పూర్వం ఉండేది. ఈ సంగతి తెలియక ఆ రోజు 'హ్యాపీ గుడ్ ఫ్రైడే' అని వాట్సాప్‌లో శుభాకాంక్షలు పంపేవారు ఏటా ఉంటారు. సిలువ వేసిన రోజుకు శుభాకాంక్షలు చెప్పడం అక్కడి వారికి ఇబ్బందిగా ఉంటుందని తరగతిలో ముందే చెబుతాను.

అపోహ: విడాకుల కోసం ఇంగ్లాండు రాజు ఎనిమిదో హెన్రీ ప్రొటెస్టంటుగా మారి కొత్త మతం పెట్టాడు.

వాస్తవం: ఈ ఒక్క వాక్యంలో మూడు తప్పులు ఉన్నాయి. మొదటిది, అతడు కోరింది నేటి అర్థంలో విడాకులు కాదు, ఆరగాన్ కేథరిన్‌తో జరిగిన పెళ్లి అసలు చెల్లనే చెల్లదన్న ప్రకటన. 'డివోర్స్', 'అనల్మెంట్' అనే రెండు మాటల మధ్య తేడా పరీక్షించడానికే పాఠం రాసినవారు ఈ కథను ఎంచుకుంటారు. పోప్ ఒప్పుకోకపోగా, 1533లో కాంటర్బరీ ఆర్చిబిషప్ క్రాన్మర్ ఆ ప్రకటన చేశాడు. రెండోది, 1534 నాటి చట్టం ఇంగ్లాండు చర్చికి రాజును అధిపతిగా గుర్తించిందే తప్ప కొత్త మతాన్ని స్థాపించలేదు. అవే చర్చిలు, చాలావరకు అదే ఆరాధన, తల మాత్రం మారింది. మూడోది అన్నిటికన్నా ఆసక్తికరం. హెన్రీ ప్రొటెస్టంటు సిద్ధాంతాన్ని తలకెత్తుకున్నవాడు కాదు. 1521లో, ప్రొటెస్టంటు ఉద్యమానికి ఆద్యుడైన లూథర్‌కు వ్యతిరేకంగా పుస్తకం రాసి పోప్ నుంచి 'డిఫెండర్ ఆఫ్ ద ఫెయిత్' (మత రక్షకుడు) బిరుదు పొందినవాడు, 1539లో కూడా కేథలిక్ సిద్ధాంతాలనే నిలబెడుతూ ఆరు అధికరణాల చట్టం చేయించినవాడు. ఆ బిరుదు లాటిన్ రూపాన్ని సూచించే ఎఫ్, డి అక్షరాలు నేటికీ బ్రిటిష్ నాణేల మీద ఉన్నాయి. అయినా 1536, 1540 మధ్య సుమారు 800 మఠాలను మూయించింది కూడా ఈ రాజే. ఆరాధనను ప్రొటెస్టంటు పద్ధతిలోకి మార్చిన ఇంగ్లిష్ ప్రార్థన పుస్తకం అతడి కొడుకు ఆరో ఎడ్వర్డు కాలంలో, 1549లో వచ్చింది.

జతపరిచే ప్రశ్నల్లో 'సుప్రీమ్ హెడ్', 'సుప్రీమ్ గవర్నర్' అనే రెండు పదవులు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది హెన్రీ కాలపుది, రెండోది 1559లో మొదటి ఎలిజబెత్ స్వీకరించింది. నేటి రాజుకు ఉన్నది రెండోదే.

అపోహ: 17వ శతాబ్దంలో, రాజు లేని కాలంలో ఇంగ్లాండును ఏలిన క్రామ్‌వెల్ క్రిస్మస్‌ను నిషేధించాడు.

వాస్తవం: దీన్ని ఏళ్ల పాటు పంచిపెట్టినవాణ్ని నేనే. కర్మణి వాక్యాల అభ్యాసంలో 'క్రామ్‌వెల్ బ్యాన్డ్ క్రిస్మస్' అనే వాక్యాన్ని మార్చి రాయమని అడిగేవాణ్ని, ఎందుకంటే కర్త, క్రియ, కర్మ మూడూ చక్కగా కుదిరిన వాక్యం అది. చరిత్రలో డిగ్రీ చేసిన ఒక విద్యార్థి లేచి, 'సార్, 1647లో ఆయన ఇంకా దేశాధినేత కాదు కదా' అన్నాడు. ఇంటికి వెళ్లి చూసుకుంటే అతడిదే నిజం. క్రిస్మస్, ఈస్టర్ వంటి పండుగలను రద్దు చేస్తూ 1647 జూన్‌లో ఆజ్ఞ జారీ చేసింది ఆడంబరాలను ఒప్పని ప్రొటెస్టంట్లైన ప్యూరిటన్లకు పట్టున్న పార్లమెంటు. అప్పటికి క్రామ్‌వెల్ సేనానాయకుడు, పార్లమెంటు సభ్యుడు, లార్డ్ ప్రొటెక్టర్, అంటే దేశాధినేత, అయింది 1653 డిసెంబరులో. ఆయన పాలనలోనూ ఆ రద్దు కొనసాగిన మాట నిజమే, ఆయన దానికి అభ్యంతరం చెప్పినవాడూ కాదు, కానీ ఆ ఆజ్ఞ ఆయన తెచ్చింది కాదు. జనం ఊరుకోలేదు. 1647 డిసెంబరులోనే కాంటర్బరీలో దుకాణాలు తెరిపించబోతే అల్లర్లు జరిగాయి. 1660లో రాజరికం తిరిగి రావడంతో పండుగ కూడా తిరిగి వచ్చింది. ఇప్పుడు నా పత్రంలో 'పార్లమెంట్ అబాలిష్డ్ ద ఫీస్ట్ ఆఫ్ క్రిస్మస్' అని ఉంటుంది. క్రిస్మస్‌కు చేసే మిన్స్ పై అనే తీపి వంటకం తినడం బ్రిటన్‌లో నేటికీ నేరమని చెప్పే వాక్యం కొన్ని పత్రాల్లో 'ఫన్ ఫ్యాక్ట్' పేరుతో తిరుగుతోంది, అటువంటి చట్టం ఏదీ అమలులో లేదు.

దీనికన్నా పెద్ద విషయం స్కాట్లాండుది, పాఠ్యభాగాలు దాన్ని ఒక్క ముక్కలో దాటేస్తాయి. బిషప్పులు లేని ప్రొటెస్టంటు శాఖ అయిన అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చి క్రిస్మస్‌ను పండుగగా ఆదరించకపోవడం వల్ల అది అందరికీ సెలవు దినమైంది 1958లోనే. సంవత్సరాంతపు హాగ్మనే వారికి అంత పెద్ద వేడుక కావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అపోహ: గై ఫాక్స్‌ను మంటల్లో కాల్చి చంపారు, అందుకే ఏటా నవంబరు 5న అతడి బొమ్మను కాలుస్తారు.

వాస్తవం: 1605 నవంబరు 5న పార్లమెంటు కింద 36 పీపాల తుపాకిమందుతో పట్టుబడినవాడు అతడే గానీ, రాజును పేల్చి చంపాలన్న ఆ కుట్రకు నాయకుడు రాబర్ట్ కేట్స్‌బీ. ఫాక్స్‌ను మరుసటి ఏడు జనవరిలో ఉరికంబం దగ్గర శిక్షించారు, కాల్చలేదు. మంటలు రాజు బతికి బయటపడ్డాడన్న సంతోషానికి వేసినవి, బొమ్మలు తరవాత వచ్చి చేరాయి. భాష చెప్పేవాడికి ఇందులో దొరికే సొత్తు ఒకటి ఉంది. ఆ బొమ్మను 'గై' అనేవారు, తరవాత అది వింతగా తయారైన మనిషికి పేరైంది, ఆపైన ఏ మనిషికైనా వర్తించింది. 'హే గైస్' అని రోజుకు పదిసార్లు అనే మా విద్యార్థులు ఈ మాట వినగానే కాసేపు నోరు మెదపరు.

అపోహ: బాక్సింగ్ డేకు బాక్సింగ్ పోటీలతో సంబంధం ఉంది.

వాస్తవం: మెల్‌బోర్న్ టెస్టు పుణ్యమా అని ఈ పేరు మనవాళ్లందరికీ తెలుసు, అర్థం మాత్రం తెలియదు. క్రిస్మస్ మర్నాడు పనివారికి, సామాను తెచ్చే వారికి ఇచ్చే ఈనామును క్రిస్మస్ బాక్స్ అనేవారు, పేరు దాని నుంచే వచ్చిందని ఎక్కువమంది అంగీకరిస్తారు. 1871 చట్టం ఇంగ్లాండులో ఆ రోజును బ్యాంకు సెలవు చేసింది. బ్యాంకు సెలవంటే బ్యాంకు ఉద్యోగులకే అనుకోకూడదు, దేశమంతటికీ వర్తించే సెలవు అది. ఇక్కడ విభక్తులు జాగ్రత్త. పండుగ రోజులన్నిటినీ కలిపి చెబితే 'ఎట్ క్రిస్మస్', ఒక్క రోజును చెబితే 'ఆన్ క్రిస్మస్ డే'. తెలుగులో రెండింటికీ 'క్రిస్మస్‌కు' సరిపోతుంది, తప్పు పుట్టేది అక్కడే.

అపోహ: ఈస్టర్ తేదీకి లెక్క లేదు.

వాస్తవం: పంచాంగం చూసే ఇంట్లో పుట్టినవారికి ఇది చాలా సులువు. మార్చి 21న గాని, ఆ తరవాత గాని వచ్చే పౌర్ణమి దాటాక వచ్చే మొదటి ఆదివారం ఈస్టర్. ఆ పౌర్ణమి ఆకాశంలో కనిపించేది కాక చర్చి పట్టికల్లో గణించింది. అందుకే ఈస్టర్ మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. బ్రిటన్‌లో అమ్మల పండుగ కూడా లెంట్‌లోని నాలుగో ఆదివారానికి ముడిపడి ఉంటుంది, మన దగ్గర జరిపే మే రెండో ఆదివారం అక్కడ వర్తించదు.

అపోహ: బ్రిటన్‌కు ఒకటే చర్చి, దేశమంతా క్రైస్తవం.

వాస్తవం: ఇంగ్లాండు చర్చికి రాజముద్ర ఉంది, దాని బిషప్పులు 26 మంది పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో కూర్చుంటారు. వేల్స్‌లో 1920 నుంచి అటువంటి అధికార చర్చి లేదు, స్కాట్లాండు చర్చికి రాజు అధిపతి కాదు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లాండు, వేల్స్‌లలో క్రైస్తవులమని చెప్పుకున్నవారు 46.2 శాతం, ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతం. 'చర్చ్', 'చాపెల్' మాటల తేడా కూడా ఈ చీలికల్లోనే పుట్టింది, ఇంగ్లాండు చర్చిలో చేరని మెథడిస్టుల వంటి వారి మందిరాన్ని చాపెల్ అనడం అక్కడ పరిపాటి. ఈ తేడా మనకు మరీ దూరం కాదు. మెదక్ కెథడ్రల్ కట్టింది మెథడిస్టులు, డోర్నకల్ ఆంగ్లికన్ల (ఇంగ్లాండు చర్చి సంప్రదాయం వారి) పీఠం, 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్. ఈ రెండు ధారలూ 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘంలో కలిసిపోయాయి కనుకనే మన పిల్లలకు ఆ రెండు మాటలూ ఒకటిగానే వినిపిస్తాయి.

అపోహ: చరిత్ర ఎంత తెలిస్తే అంత మంచి మార్కులు.

వాస్తవం: పరీక్ష గదిలో మాత్రం ఇది తిరగబడుతుంది. 'ట్రూ–ఫాల్స్–నాట్ గివెన్' (నిజం–అబద్ధం–పాఠంలో చెప్పలేదు) ప్రశ్నకు జవాబు పాఠ్యభాగంలో ఉన్నదాన్ని బట్టి రాయాలి, మనకు తెలిసినదాన్ని బట్టి కాదు. పాఠంలో '1647లో పండుగలు రద్దయ్యాయి' అని మాత్రమే ఉండి, ప్రశ్న 'క్రామ్‌వెల్ ఆ పని చేశాడు' అని ఉంటే, నిజం తెలిసిన విద్యార్థి 'ఫాల్స్' అని రాస్తాడు, సరైన జవాబు 'నాట్ గివెన్'. నన్ను సరిదిద్దిన ఆ చరిత్ర విద్యార్థి తరవాతి వారం ఇదే ప్రశ్నకు 'ఫాల్స్' అని రాసి ఒక మార్కు పోగొట్టుకున్నాడు. ఆ మార్కు కోసం నాతో వాదించాడు కూడా. ఇవ్వలేదు.