ఎంఫిసీమా: శ్రీకాకుళం ఓపీలో రోజూ వినే అపోహలు

ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గాలిగదులు కోట్లలో ఉంటాయి. ఏళ్ల తరబడి పొగ తగిలి వాటి గోడలు చిరిగితే పక్కపక్క గదులు కలిసిపోయి సంచుల్లా సాగిపోతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోదు. లోపల పాత గాలే నిండి ఉంటే కొత్త గాలికి చోటెక్కడిది? ఎంఫిసీమాలో ఆయాసం ఇందుకే.

అపోహ: ఇది పొగతాగే మగవాళ్ల జబ్బు.
ఓపీకి వచ్చిన ఆడవాళ్లను "పొగ తాగుతావా అమ్మా?" అంటే "లేదు బాబూ" అంటారు. "చుట్ట?" అని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. మన తీరం ఊళ్లలో అడ్డపొగ, అంటే వెలిగే కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, ఆడవాళ్లలోనే ఎక్కువ. దాంతో అంగిలి క్యాన్సర్ వస్తుందని కొందరికైనా తెలుసు, ఊపిరితిత్తుల సంగతే ఎవరూ పట్టించుకోరు. పైగా కట్టెల పొయ్యి పొగ. చుట్ట ముట్టని వాళ్లకూ దానివల్ల ఈ జబ్బు రావచ్చు.

అపోహ: వయసు మీద పడితే ఆయాసం మామూలే.
కాదు. ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష, స్పైరోమెట్రీ, చేయించండి. గొట్టంలోకి గట్టిగా ఊదడమే, సూది కూడా ఉండదు.

అపోహ: ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, అది ఆఖరి మందు.
నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో 100 మైక్రోగ్రాములే, అంటే నలభయ్యో వంతు. నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది కాబట్టి అంత చాలు. భయపడి మానేసి, ఆయాసం ముదిరాక రాత్రిపూట ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లు ఎంతమందో!

వాడేవాళ్లలోనూ పద్ధతి తప్పేవాళ్లే ఎక్కువ. మొన్న ఒక పెద్దావిడ చీర ముడిలోంచి ఇన్‌హేలర్ తీసి నా ఎదుటే నొక్కారు. తెల్లటి మందంతా పెదాల పక్కనుంచి బయటికే పోయింది. ముందు బాగా కదపాలి, ఊపిరి వదలాలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి, ఆపైన 10 సెకన్లు బిగబట్టాలి. కుదరకపోతే స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టం, పెట్టుకోండి. స్టెరాయిడ్ ఉన్నదైతే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

అపోహ: ఆక్సిజన్ ఎంత పెడితే అంత మంచిది.
ఈ రోగులకు వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో సాధారణంగా 88 నుంచి 92 శాతం కనిపిస్తే చాలు. అంతకు మించి పెడితే కొందరిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తు కమ్ముతుంది. ఇంట్లో సిలిండర్ ఉంటే మీటను మీరే పెంచకండి.

అపోహ: ఊపిరితిత్తి ఎలాగూ పాడైపోయింది, ఇప్పుడు పొగ మానేసి ఏం లాభం?
చిరిగిన గదులు తిరిగి రావు, నిజమే. కానీ ఏ వయసులో మానినా మిగిలినవి పాడయ్యే వేగం తగ్గుతుంది. ఒంటరిగా మానలేకపోతే 1800-11-2356కి ఫోన్ చేయండి, ఉచితం. ఆయాసానికి భయపడి మంచానికి అతుక్కుపోవద్దు. ముక్కుతో పీల్చి, దీపం ఆర్పుతున్నట్టు పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలండి. అలా వదులుతూ ఈరోజు వీధి గుమ్మం దాకా, వారం తర్వాత కొళాయి దాకా నడవండి.