జీఐఎస్ అపోహలు - వాస్తవాలు: లేయర్లు కలిశాయి కాబట్టి లెక్క సరైనదేనా?

"సార్, లేయర్లన్నీ ఒకదానిపై ఒకటి చక్కగా కూర్చున్నాయి. విస్తీర్ణం మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది." రోడ్లు, అడవులు వంటి ఒక్కో రకం సమాచారాన్నీ ఒక్కో పొరగా (లేయర్‌గా) పెట్టి కంప్యూటర్లో మ్యాపులు గీసి, లెక్కలు కట్టే విద్యే జీఐఎస్. అది నేర్పుతున్నన్నాళ్లూ ప్రతి బ్యాచ్‌లోనూ నేను వింటున్న మాట ఇది. చాలామంది ఆ తేడాను గమనించకుండానే నివేదిక ఇచ్చేస్తారు. నా బాధంతా వాళ్ల గురించే.

అపోహ: తెరపై లేయర్లు కలిస్తే ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) సరిగ్గా ఉన్నట్టే.

కాదు, ముమ్మాటికీ కాదు. మీ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ అయినా ఆర్క్‌జీఐఎస్ అయినా, వేర్వేరు సీఆర్ఎస్‌లలో (స్థానాలను అంకెల్లో చెప్పే పద్ధతుల్లో) ఉన్న లేయర్లను అప్పటికప్పుడు మార్చి ఒకే ప్రొజెక్షన్‌లో గీసి చూపిస్తుంది. ఆ మార్పు చూపించడం వరకే. ఫైల్లో ఉన్న అంకెలు ఎక్కడివక్కడే ఉంటాయి. మీరు వాడే టూల్స్‌లో చాలావరకు లెక్క కట్టేది ఆ అంకెలతోనే.

ఈపీఎస్‌జీ అన్నది సీఆర్ఎస్‌లకు ఇచ్చే కోడ్. 4326 కోడ్ ఉన్నది స్థానాలను డిగ్రీల్లో చెబుతుంది. అందులో ఉన్న పాయింట్లకు బఫర్ (చుట్టూ గీసే వలయం) దూరం 500 అని ఇచ్చారనుకోండి. మీ మనసులో ఉన్నవి మీటర్లు, టూల్‌కు తెలిసినవి డిగ్రీలు. భూగోళం చుట్టూ తిరిగినా ఉన్నవి 360 డిగ్రీలే! అయితే ఈ తప్పు వల్ల పెద్ద ప్రమాదం లేదు, చూడగానే దొరికిపోతుంది. డిగ్రీలను 111తో గుణిస్తే కిలోమీటర్లు వచ్చేస్తాయన్న చిట్కా ఇంతకన్నా చెడ్డది. ఉత్తర దక్షిణ దిశలో, అంటే అక్షాంశంలో, అది దాదాపు నిజమే. రేఖాంశంలో ఒక డిగ్రీ దూరం మాత్రం భూమధ్యరేఖ దగ్గరే 111 కిలోమీటర్లు, 60వ అక్షాంశానికి చేరేసరికి అందులో సగం. ఈ చిట్కాను ఎవరు ప్రచారం చేశారో గానీ, దాన్ని ఖండించడంతోనే నాకు ఏటా సగం ఓపిక ఖర్చయిపోతోంది.

అసలు ముంచేది ఈపీఎస్‌జీ 3857, అంటే వెబ్ మెర్కేటర్. వెబ్ మ్యాపులు చాలావరకు ఇందులోనే ఉంటాయి. అలాంటి మ్యాపును అడుగున బేస్‌మ్యాప్‌గా పెట్టుకుని దానిపై హద్దులు గీస్తే (డిజిటైజ్ చేస్తే) మీ లేయర్ కూడా తరచూ ఇందులోనే తయారవుతుంది. యూనిట్ల దగ్గర "మీటర్లు" అని ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ ఆ మీటరు సాగిపోతుంది. అందులో నేరుగా కొలిచిన విస్తీర్ణం 30వ అక్షాంశం దగ్గర దాదాపు మూడో వంతు ఎక్కువగా, 45 దగ్గర రెట్టింపుగా, 60 దగ్గర నాలుగు రెట్లుగా వస్తుంది.

ఒక పరిశోధక విద్యార్థిని అటవీ విస్తీర్ణం మీద పనిచేసింది. పాత నివేదికతో పోలిస్తే తన లెక్కలో అడవి మూడో వంతు పెరిగింది. ఆ పెరుగుదలకు కారణాలు వెతికి, ఒక అధ్యాయమంతా రాసి తెచ్చింది. లేయర్ ప్రాపర్టీస్ తెరిచి చూశాం. 3857. అధ్యయన ప్రాంతం 30వ అక్షాంశం పక్కనే ఉంది. యూటీఎంలోకి (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్‌లోకి) మార్చి మళ్లీ లెక్క కడితే అడవి పాత నివేదికలో ఉన్నంతే ఉంది. ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను. "నాకు ఈ సబ్జెక్టు రాదేమో సార్" అంది. రాకపోవడమేమిటి? తేడా వచ్చిందని అడగడానికి వచ్చింది కదా, ఈ పనికి కావలసిన బుద్ధి అదే.

క్యూజీఐఎస్ ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో ఇంకో మెలిక ఉంది. డాలర్ గుర్తు ఉన్న ఏరియా ప్రాజెక్టులో పెట్టిన ఎలిప్సాయిడ్ (భూమి గుండ్రటి ఆకారానికి నమూనా) ప్రకారం లెక్కిస్తుంది. డాలర్ గుర్తు లేని ఏరియా ఫంక్షన్ లేయర్ సీఆర్ఎస్‌లో చదునుగా లెక్కిస్తుంది. ఒకే పాలిగన్‌కు (హద్దు గీసిన ప్రాంతానికి) రెండు జవాబులు వస్తే కంగారు పడకండి, ఆ తేడాయే మీకు హెచ్చరిక.

సీఆర్ఎస్ తప్పని తెలిశాక కొందరు చేసే పని ఇంకా ఘోరం. లేయర్‌పై రైట్ క్లిక్ చేసి, సెట్ సీఆర్ఎస్‌లో యూటీఎం ఎంచుకుని, మార్చేశామనుకుంటారు. సీసా మీద చీటీ మారిస్తే లోపలి మందు మారదు. చేయవలసింది రీప్రొజెక్ట్, ఆర్క్‌జీఐఎస్‌లో అయితే ప్రొజెక్ట్ టూల్. ఆర్క్‌జీఐఎస్‌లోని డిఫైన్ ప్రొజెక్షన్ చీటీ అంటించడానికి మాత్రమే. యూటీఎంలో ఒక్కొక్కటి 6 డిగ్రీల వెడల్పుతో 60 జోన్లు ఉన్నాయి. మీ ప్రాంతం ఒకే జోన్‌లో ఉంటే అది చాలు. పలు జోన్లకు విస్తరించి ఉంటే, విస్తీర్ణం కోసం ఆల్బర్స్ వంటి సమవైశాల్య ప్రొజెక్షన్ వాడండి.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. ప్రోగ్రామింగ్ రాకపోతే జీఐఎస్ రాదన్నది వట్టి పుకారు. జాయిన్ (డేటా కలపడం), క్లిప్ (కత్తిరించడం), ఓవర్‌లే (పొరలు కలిపి చూడటం) అన్నీ మెనూలతోనే చేయవచ్చు. అదే పని పదేపదే చేయవలసి వచ్చినప్పుడు పైథాన్ నేర్చుకోవచ్చు, ఇప్పుడే భయపడకండి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలన్నదీ నిజం కాదు. క్యూజీఐఎస్ ఉచితం, ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం, సెంటినెల్-2 ఉపగ్రహాల 10 మీటర్ల చిత్రాలూ ఉచితమే. పిక్సెళ్లను చిన్నవి చేస్తే వివరం పెరుగుతుందన్నదీ అపోహే. 30 మీటర్ల డీఈఎంను (నేల ఎత్తులు చెప్పే పిక్సెళ్ల పటాన్ని) 5 మీటర్లకు రీశాంపుల్ చేస్తే పిక్సెళ్లు 36 రెట్లు అవుతాయి తప్ప, నేల గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

మ్యాపు డేటా దాచే షేప్‌ఫైల్ అంటే ఒక్క ఫైల్ అనుకుని డాట్ ఎస్‌హెచ్‌పీ ఒక్కటే పంపేవారికి మాత్రం ఒక మాట. ఎస్‌హెచ్ఎక్స్, డీబీఎఫ్ కూడా తప్పనిసరి. సీఆర్ఎస్ వివరం ఉండేది పీఆర్‌జేలో. అది లేని ఫైల్ మీకు వస్తే తోచిన సీఆర్ఎస్ పెట్టేయకండి. ముందు ఎక్స్‌టెంట్ (లేయర్ హద్దుల అంకెలు) చూడండి. అంకెలన్నీ 180 లోపు ఉంటే బహుశా డిగ్రీలు. ఎక్స్ ఆరంకెల్లో, వై ఏడంకెల్లో ఉంటే యూటీఎం కావచ్చు, కానీ అంకెలను బట్టి జోన్ తెలియదు. ఫైల్ పంపినవారికి ఫోను చేసి అడగండి, వారు చెప్పింది మెటాడేటాలో (డేటా గురించిన వివరాల్లో) రాసిపెట్టండి.