వాయిద్యాలు లెక్కపెట్టకండి: పాట అల్లికపై అపోహలు - వాస్తవాలు

దసరాకి ముందు మా పర్లాకిమిడి భజన బృందం ఒకటి నా దగ్గరకొచ్చింది. "మాస్టారూ, పాట పల్చగా వస్తోంది. ఇంకో కీబోర్డు కొందామనుకుంటున్నాం, ఏది కొనమంటారు?" వెళ్లి విన్నాను. ఎనిమిది గొంతులు, హార్మోనియం, కీబోర్డు. అందరిదీ ఒకే వరస, ఒకే స్థాయి. కొత్త కీబోర్డు వచ్చినా ఆ వరసే వాయిస్తుంది. ఉన్న కీబోర్డుని వరస మానేసి సా-పా పట్టి ఉంచమన్నాను, ఇద్దరు మగవాళ్లని కింది స్థాయిలో పాడమన్నాను. అక్కడికక్కడే పాట నిండింది. డబ్బు మిగిలింది. ఒకాయనకి కోపం కూడా మిగిలింది, అప్పటికే దుకాణంలో బేరం ఆడేసి వచ్చాడట.

నా దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలు పరీక్షలో మార్కులు పోగొట్టుకునేదీ ఈ అల్లిక దగ్గరే, అంటే పాటలో వరసలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయన్న చోటే. చాలా వాయిద్యాలు వినిపించగానే "పాలీఫనీ" (వేర్వేరు వరసల అల్లిక) అని రాసేస్తారు. కాదు బాబూ! ఎన్ని వరసలు వేటికవి నడుస్తున్నాయన్నదే లెక్క. వందమంది ఒకే వరస పాడితే అది మోనోఫనీయే, అంటే ఒంటి వరసే. ఆడవాళ్లు పై స్థాయిలో, మగవాళ్లు కింది స్థాయిలో అందుకున్నా మోనోఫనీయే. అదే జర్మన్ స్వరకర్త బాఖ్ కీబోర్డుకి రాసిన చిన్న రచనలు, 15 రెండు గొంతుల ఇన్వెన్షన్లు చూడండి. వాయించేది ఒక్క మనిషి, ఒక్క వాయిద్యం. కుడిచేతిది ఒక పాట, ఎడమచేతిది ఇంకో పాట. అదీ పాలీఫనీ అంటే.

ఎలా పట్టుకోవాలి? మొదటిసారి పై వరసని కూనిరాగం తీయండి. రెండోసారి దాన్ని వదిలేసి అడుగున ఉన్నదాన్ని పాడబోండి. పైది ఆగినచోట అడుగుది కదులుతోందా, దాన్ని విడిగా పాడుకోవచ్చా? అయితే పాలీఫనీ. క్రిస్మస్‌కి చర్చిలో నాలుగు గొంతుల కాయర్ విని ఉంటారు. స్వరాలు నాలుగు, అక్షరం మాత్రం నలుగురి నోటా ఒకేసారి పడుతుంది, పై గొంతే పాటని మోస్తుంది. అది హోమోఫనీ. నాలుగు స్వరాలు కదా అని పాలీఫనీ అనేస్తే తప్పు.

మరి మన కచేరీ? గాత్రం వెనక వయొలిన్ ఆలాపనలో నీడలా ఒక అర క్షణం ఆలస్యంగా వస్తుంది. ఇద్దరిదీ ఒకే రాగసంచారం, కానీ గాయకుడు స్వరాన్ని కంపింపజేసినచోట వయొలిన్ జారుతుంది. దీన్ని హెటెరోఫనీ అంటారు. కుర్రతనంలో వయొలిన్ పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ అర క్షణం నా చేతకానితనమే అనుకుని ఏడ్చినంత పనిచేశాను. పెళ్లిలో జంట సన్నాయిలు వినండి, ఇదే దొరుకుతుంది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. మృదంగం, ఘటం కలిస్తే పాలీఫనీ కాదు, అవి లయ పొరలు. శ్రుతిపెట్టె వరస కాదు, అది కదలదు కాబట్టి. మనది ఒకే వరస సంగీతం కనక తక్కువరకం అని వాట్సాప్‌లో పంపేవాళ్లకి నేను జవాబివ్వను.

ఇక, వయసు మీరితే వరసలు పట్టుకునే చెవి రాదన్న అపోహ. పాతపట్నం నుంచి ఆటోలో ఒక పిన్నిగారు వస్తారు, 58 ఏళ్లు. మొదటిరోజు "నా చెవి మొద్దు బాబూ, నాకేటి తెలుస్తాది" అన్నారు. భయం చూస్తే జాలేసింది. వంటింట్లో కుక్కరు, పక్కగదిలో టీవీ, వీధిలో కూరల బండి, మూడూ ఒకేసారి విడివిడిగా వినే చెవి అది. రెండు నెలలు పై వరస, అడుగు వరస ఆటే ఆడాం. ఓ సాయంత్రం మా వీధిలో ఒడియావాళ్ల సంకీర్తన వెళ్తోంది. ముందు పాడేవాడు ఒక పంక్తి అంటే వెనకవాళ్లు అందుకుంటున్నారు.

పిన్నిగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. "ఆయన చివరి మాట వదలకముందే వీళ్లు అందుకుంటన్నారు బాబూ. ఆ ఒక్క క్షణం రెండు వరసలున్నాయి కదా?"

ఉన్నాయి. ఇరవయ్యేళ్లుగా ఆ వీధిలోనే ఉంటున్నాను, నేను గమనించలేదు.