లూపస్‌లో మతిమరుపు: లెక్కలోకి రావడానికి ఇన్నేళ్లెందుకు?

"మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది", "చదివిన పేరానే మళ్లీ చదువుతున్నాను". లూపస్ (శరీర రక్షణ వ్యవస్థే సొంత శరీరం మీద దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లు ఇలా చెప్పడం కొత్తేమీ కాదు. దాన్ని పరీక్షపెట్టి చూడాల్సిన లక్షణంగా డాక్టర్లు ఒప్పుకోవడమే ఆలస్యమైంది.

లూపస్ చర్మంతో ఆగదని, లోపలి అవయవాలనూ పట్టుకుంటుందని 1872లోనే వియన్నాలో చర్మవైద్యుడు మోరిట్జ్ కపోసి రాశాడు. తర్వాత వైద్యుడు విలియం ఆస్లర్ మెదడుకు సంబంధించిన లక్షణాలనూ గమనించాడు. అయితే కంటపడినవన్నీ తీవ్రమైన కేసులే. 1971 నాటి వర్గీకరణ ప్రమాణాల్లోనూ (ఎవరిని లూపస్ రోగిగా లెక్కించాలో చెప్పే జాబితా), 1982లో వాటిని సవరించినప్పుడూ మెదడు వైపు నుంచి లెక్కకొచ్చినవి రెండే: ఫిట్స్, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే, వాస్తవంతో సంబంధం తెగే మానసిక స్థితి). ఈ ప్రమాణాలు పరిశోధన కోసం పెట్టినవే, నిజమే. కానీ ఓపీలో అడిగే ప్రశ్నలూ వాటి నుంచే అలవాటవుతాయి. మతిమరుపు గురించి రోగి తనంతట తాను చెప్పినా, టెన్షన్ అనో, స్టెరాయిడ్ల ప్రభావమనో, నిద్ర చాలలేదనో తేల్చేయడం సులువు. అవీ కారణాలు కావచ్చు కాబట్టే చిక్కంతా.

1980లలో కెనడాలో డెన్‌బర్గ్, కార్బాట్‌ల బృందం మెదడు సమస్యలేవీ బయటపడని లూపస్ రోగులకూ పరీక్షలు పెట్టింది. వాళ్లలోనూ జ్ఞాపకశక్తి, ఆలోచనల్లో లోపాలు కనిపించాయి. 1999లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ (కీళ్ల, లూపస్ లాంటి జబ్బుల వైద్యుల సంఘం) లూపస్‌లో వచ్చేవిగా ప్రకటించిన 19 నాడీ, మానసిక సమస్యల్లో ఈ లోపమూ ఒకటైంది. దాన్ని గుర్తించడానికి గంటసేపు పట్టే పరీక్షల వరుసనూ సూచించారు. చేయడానికి శిక్షణ పొందిన మనిషి కావాలి, గంట టైమూ కావాలి. ఈ రెండూ ఎన్ని క్లినిక్కుల్లో దొరుకుతాయి?

అందుకే వేరే అవసరాల కోసం తయారైన పరీక్షలను అరువు తెచ్చుకున్నారు. 1975 నాటి ఎంఎంఎస్‌ఈ అనే చిన్న ప్రశ్నల పరీక్ష ప్రధానంగా డిమెన్షియాను (ఎక్కువగా వయసు మీరాక వచ్చే తీవ్ర మతిమరుపు జబ్బును) పట్టడానికి వాడేది. ఇవాళ తేదీ ఎంత, ఇప్పుడు ఎక్కడున్నారు అని అడిగితే లూపస్ ఉన్న యువతి తడుముకోకుండా చెబుతుంది. ఆమెకు తగ్గేది ఆలోచనలో వేగం, ఏకాగ్రత, రెండు పనులు ఒకేసారి మనసులో పెట్టుకునే శక్తి. 2005లో వచ్చిన మోకా, పది నిమిషాల్లో 30 మార్కులకు పెట్టే పరీక్ష, కాస్త నయం. అమెరికా సైన్యం కోసం తయారైన ఏఎన్‌ఏఎమ్ అనే పరీక్ష కంప్యూటర్ మీద స్పందన వేగాన్ని కొలుస్తుంది. వేళ్ల కీళ్లు నొప్పిగా ఉన్నవాళ్లు బటన్ ఆలస్యంగా నొక్కితే ఆ ఆలస్యం ఎవరి ఖాతాలో వేయాలి? 2018లో చాలా అధ్యయనాలను కలిపి చూస్తే దాదాపు 38 శాతం మందిలో లోపం తేలింది. పరీక్షను బట్టి అంకె బాగా మారిపోతుంది.

2019లో వచ్చిన కొత్త వర్గీకరణలో డెలిరియమ్ (ఉన్నట్టుండి వచ్చే మతి గందరగోళం), సైకోసిస్, ఫిట్స్ ఉన్నాయి, మతిమరుపు లేదు. జబ్బు మిగిల్చిన నష్టాన్ని లెక్కించే 1996 నాటి సూచీలో మాత్రం ఉంది. అక్కడ లెక్కకు రావాలంటే కనీసం ఆరు నెలలు నిలవాలి.