సొంత నగరం మీదికే నడిచిన సైన్యం

చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

"సీజర్ ఒక్కడు చెబితే అంతమంది సైనికులు సొంత రోమ్ మీదికే ఎలా వెళ్లారు తాతయ్యా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. ఏదో ఒక మాట చెప్పి తప్పించుకోవడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

రోమన్ సేనాని సీజర్ సైన్యంతో రోమ్ మీదికి బయలుదేరి, రూబికాన్ అనే సరిహద్దు నది దాటింది క్రీ.పూ. 49లో. ఆ దారి వేసినవాళ్లు వేరే ఉన్నారు.

పూర్వం రోమ్‌లో సొంత పొలం ఉన్నవాళ్లే సైన్యంలో చేరేవారు. యుద్ధం అయిపోగానే ఇంటికెళ్లి నాగలి పట్టేవారు. క్రీ.పూ. 107లో మారియస్ అనే సేనాని సెంటు భూమి లేనివాళ్లని కూడా చేర్చుకున్నాడు. పేదవాడికి అదో బతుకుతెరువు, అందులో తప్పేం లేదు. కానీ కత్తి దించాక వాళ్లెలా బతకాలో ప్రభుత్వం పట్టించుకోలేదు. ఇక పొలం కావాలన్నా, కొల్లసొమ్ములో వాటా కావాలన్నా సేనాని దయే.

క్రీ.పూ. 88లో ఇటలీలోని నోలా ఊరి దగ్గర సుల్లా అనే సేనాని సైన్యం ఉంది. తూర్పున మిత్రిదాతీస్ రాజు మీదికి వెళ్లాలి. అవి సిరిగల దేశాలు. ఇంతలో రోమ్‌లో ఓట్లు వేసి ఆ యుద్ధాన్ని మారియస్‌కి అప్పగించారు. మారియస్ వేరేవాళ్లని తీసుకెళ్తే తమ నోటి దగ్గర కూడు పోతుందని సైనికులకి టెన్షన్. సైన్యాన్ని తీసుకోవడానికి వచ్చిన అధికారులని రాళ్లతో కొట్టి చంపేశారు. రోమ్‌కి నడిపించమని సుల్లాని వాళ్లే అడిగారు. సుల్లా కింద ఉన్న పెద్ద అధికారుల్లో ఒక్కడు తప్ప అందరూ అతన్ని వదిలి వెళ్లిపోయారు. సైనికులు వదల్లేదు.

ఆరు లీజియన్లతో, అంటే వేలమంది ఉండే ఆరు పెద్ద దళాలతో, సుల్లా రోమ్‌కి వచ్చాడు. ఆయుధాలు లేని జనం ఇళ్ల కప్పులెక్కి పెంకులు, రాళ్లు విసిరారు. ఇళ్లు తగలబెట్టమన్నాడు సుల్లా. ఇది ఎప్పుడు చదివినా నాకు గుండె బరువెక్కుతుంది. పైన ఉన్నవాళ్లూ, కింద ఉన్నవాళ్లూ ఒకే దేశం మనుషులు నాన్నా!

క్రీ.పూ. 43లో సీజర్ దత్తపుత్రుడు, 19 ఏళ్ల ఆక్టేవియన్ తనని కాన్సుల్‌ని, అంటే రోమ్‌లో అందరికన్నా పెద్ద అధికారిని, చేయమని సైనికులతో కబురు పంపాడు. సెనేట్ అనే పెద్దల సభ తటపటాయిస్తుంటే ఒక సెంచూరియన్ (చిన్న దళనాయకుడు) పైబట్ట పక్కకి తీసి కత్తి పిడి చూపించాడు. మీరు చేయకపోతే ఇది చేస్తుంది అన్నాడు. ఆ కుర్రాడే తర్వాత అగస్టస్ చక్రవర్తి. కొలువునుంచి దిగిపోయిన సైనికుల కోసం క్రీ.శ. 6లో విడిగా ఖజానా పెట్టింది కూడా ఆయనే. కత్తికి పదును ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకి బాగా తెలుసు.

అయినా సైనికులకి ఆ రుచి పోలేదు. క్రీ.శ. 193లో చక్రవర్తి పెర్టినాక్స్‌ని అతని కాపలా దళమే చంపి, సింహాసనాన్ని వేలం పెట్టింది. వాళ్ల శిబిరం లోపలినుంచి ఒకడు, గోడ బయటినుంచి ఒకడు పాట పెంచుకుంటూ పోయారు. ఒక్కో సైనికుడికి 20,000 సెస్టర్సుల (రోమన్ నాణేల) దాకా వచ్చాక, బయట ఉన్న డిడియస్ జూలియానస్ గట్టిగా అరుస్తూ, వేళ్లతో చూపిస్తూ ఒక్కసారే 25,000 అన్నాడు. తలుపులు తీశారు.

అతను ఏలింది 66 రోజులు. సెవెరస్ అనే సేనాని డాన్యూబ్ ఒడ్డునుంచి సైన్యంతో వస్తుంటే, కాపలా దళం జూలియానస్‌ని కాపాడలేదు. చంపడానికి వచ్చినవాళ్లని అతను ఇలా అడిగాడట: "నేనేం పాపం చేశాను? ఎవరిని చంపాను?"

మీ తాతయ్య